తుప్పు పట్టని స్నేహము

(చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 18:1–4, 2 సమూయేలు 9:1–13, మత్తయి 6:19–21)



ఈ నెల ధ్యానమునకు నేనొక పాత మోటారు కారును తీసికొనుచున్నాను. దేవుని వాక్యమునకును మోటారు కారునకును ఏమి పొత్తు అని మీరు అడుగవచ్చును. మన ప్రభువు విత్తువానిని, వలను, పులిసిన పిండిని, పోయిన నాణెమును చూపి పరలోక సంగతులు బోధించెను గదా. మా కీసరలో ఒక పెద్దాయన యింటి ముందర వేపచెట్టు క్రింద నిలిచియుండిన కారు నాకొక పాఠము నేర్పినది. అది నేర్చుకొనుటకు నాకు ఐదు సంవత్సరములు పట్టినది. ఆ లోగా నేనొక తప్పు చేసితిని. అదియు మీకు చెప్పవలసియున్నది.

ప్రశ్న యిది. ఒక వస్తువును బట్టి మనుష్యుల మధ్య కలిగిన స్నేహము నిజమైన స్నేహమగునా? ఆ వస్తువు పోయిన దినమున ఆ స్నేహము ఏమగును?

1. పెద్దాయనయు ఆయన బండియు

ఆ పెద్దాయన మన సంఘ పెద్దలలో ఒకడు. 1966లో, ఇరువది రెండేండ్ల వయస్సున, ఒక మిషను ఆసుపత్రిలో డ్రైవరుగా చేరెను. అక్కడి డాక్టరమ్మ వాడుచుండిన కారు 1955లో తయారైన మారిస్ మైనర్. ముందరి అద్దము రెండు ముక్కలుగా నుండును. మలుపు తిరుగునపుడు ఇప్పటివలె దీపము మిణుకుమిణుకు మనదు. తలుపు ప్రక్కనున్న కంబములోనుండి ఒక చిన్న చెయ్యి పైకి లేచును. తాళపుచెవి త్రిప్పగానే పెట్రోలు పంపు టిక్కు టిక్కుమని కొట్టుకొనును. ఆ శబ్దము ఆగినయెడల డ్రైవరు దిగి, పానాతో పంపును మెల్లగా తట్టి, మరల ప్రయత్నించవలెను. బ్యాటరీ బలహీనపడినయెడల ముందర ఇనుప హ్యాండిల్ పెట్టి చేతితో త్రిప్పవలెను.

ఆ బండిలో రాత్రులందు డాక్టరమ్మ పల్లెలకు కాన్పులు చేయబోవుచుండెను. వర్షాకాలములో వాగు దాటలేక గట్టున కూర్చుండి తెల్లవారువరకు కనిపెట్టిన రాత్రులు కలవట. ఒక బిడ్డ ఆ బండి వెనుక సీటులోనే పుట్టెనట. 1979లో డాక్టరమ్మ స్వదేశమునకు వెళ్లునపుడు ఆ కారును, దాని కాగితములతో కూడ, పెద్దాయన పేర వ్రాసి యిచ్చివేసెను. అప్పటినుండి ఆయన దానిని సొంత బిడ్డవలె చూచుకొనెను.

ఆ కారునకు మూలపురుషుడైన విలియం మారిస్ సంగతి ఇక్కడ ఒక మాట చెప్పుట మంచిది. ఆయన ఆక్స్‌ఫర్డు పట్టణములో సైకిళ్లు బాగుచేయుచు జీవితము ప్రారంభించెను. తరువాత గొప్ప కార్ల కర్మాగారమునకు యజమానుడై, లార్డ్ నఫీల్డ్ అను బిరుదు పొందెను. 1938 మొదలుకొని, పక్షవాతము చేత ఊపిరి తీయలేని రోగులకు శ్వాస ఆడించు యంత్రములను తన కర్మాగారములోనే చేయించి, అడిగిన ఆసుపత్రులకు ఉచితముగా పంచిపెట్టెను. మారిస్ మైనర్ 1948లో లోకమునకు చూపబడెను. దానిని రూపించినవాడు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు. ఆ జాతి కార్లు 16 లక్షలకు పైగా తయారైనవి. సామాన్య కుటుంబములకొరకు చేసిన బండి అది.

1990 ప్రాంతములో పెద్దాయన బ్రేకు రబ్బరు కొరకు సికిందరాబాదు రాణిగంజ్‌లోని అంగళ్లు తిరుగుచుండెను. ఒక అంగడిలో ఆ రబ్బరు ఒకటే మిగిలియున్నది. అదే సమయములో అదే వస్తువు కొరకు మరియొకడు వచ్చి నిలిచెను. అతడు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేయువాడు. ఇద్దరును ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. అప్పుడు అతడు, “నా బండి షెడ్డులనే ఉంటది అన్నా. నీది రోడ్డు మీద తిరుగుతున్నది. నువ్వే తీస్కో,” అనెను. ఆ సాయంకాలము ఇద్దరును ఒక ఇరానీ హోటలులో చాయ త్రాగిరి. అట్లు మొదలైనది. తరువాత పాతబస్తీకి చెందిన ఒక ముసల్మాను మెకానిక్కు కలిసెను. ఆయన పెద్దాయనను “డ్రైవర్ సాబ్” అని పిలుచును. బ్యాంకు ఉద్యోగి ఒకరు, వ్యాపారస్థుడొకరు, చివరకు కంప్యూటరు కంపెనీలో పనిచేయు ఒక యువకుడు, ఇట్లు ఎనిమిదిమంది అయిరి. నెలకొక రెండవ శనివారము ఎవరో ఒకరి యింట కూడుదురు. బానెట్టు ఎత్తి నిలువబడుదురు. చేతులకు గ్రీజు అంటించుకొందురు. కులము, మతము, జీతము అడిగినవాడు లేడు.

2. పాత బండ్లను ప్రేమించువారు

ఇట్టివారు లోకమంతట కలరు. ఒకప్పుడు ఇంగ్లండులో మోటారు బండి ముందర ఒక మనిషి నడచిపోవలెనను చట్టముండెను. 1896లో ఆ కట్టు తీసివేయబడగా, నవంబరు 14న బండ్లవారు సంతోషముతో లండనునుండి బ్రైటన్ పట్టణము వరకు ప్రయాణము చేసిరి. దాని జ్ఞాపకార్థము 1927 మొదలుకొని, యుద్ధకాలము వంటి కొన్ని సంవత్సరములు తప్ప, ప్రతి నవంబరులోను ఆ ప్రయాణము జరుగుచున్నది. 1905కు ముందు పుట్టిన బండ్లకు మాత్రమే అందులో ప్రవేశము. అది పందెము కాదు. మొదట చేరినవానికి కిరీటము లేదు. చేరుటయే ఘనత. మన దేశములో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీలోను, 1968లో కలకత్తాలోను పాత కార్ల ఊరేగింపు మొదలుపెట్టిరి. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబది యేండ్లు దాటిన, అసలు రూపము చెడని బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు చేసెను. వాటి నంబరు పలకమీద “వీఏ” అను అక్షరములుండును. ప్రదర్శనలకును, ఊరేగింపులకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతులకును వాటిని రోడ్డుమీదికి తేవచ్చును గాని, వ్యాపారమునకు వాడకూడదు.

మన హైదరాబాదులో చౌమహల్లా రాజభవనమునకు వెళ్లినవారు ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించుటకు ఆజ్ఞ యిచ్చెను. అది వచ్చి చేరులోగానే, 1911లో, ఆయన మృతి నొందెను. అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరినది. దశాబ్దముల కాలములో అది నడచినది 356 మైళ్లు మాత్రమే అని చెప్పుదురు. లోపల సింహాసనము వంటి ఎత్తైన ఆసనమున్నది. ఎంతో సొగసైన బండి! అయితే మా పెద్దాయన మారిస్ మైనర్ ఒక్క వానకాలములోనే అంతకంటె ఎక్కువ దూరము నడచియుండును. ఒకటి రాజు గౌరవమునకు చేయబడినది. రెండవది ప్రసవవేదన పడు పేద స్త్రీ గుమ్మము వరకు పోయినది. వస్తువు విలువ దాని వెలలో లేదు, అది చేసిన పరిచర్యలో ఉన్నది. జ్ఞాపకము చేసికొనవలసినది కూడ ఆ పరిచర్యయే.

3. నేను పలికిన మాట

2018 జనవరిలో నగరములో పాత కార్ల ఊరేగింపు ఆదివారము జరిగినది. ఆ ఆదివారము మనకు ప్రభువు బల్ల. పెద్దాయన స్థలము ఖాళీగా నుండెను. నాకు కోపము వచ్చినది. ఆ ఉదయము నేను మత్తయి ఆరవ అధ్యాయమునుండి ప్రసంగించుచు, చిమ్మెటయు తుప్పును తినివేయు ధనమును గూర్చి మాటలాడి, ఆ ఖాళీ స్థలమువైపు చూచి, “కొందరి ధనమునకు నాలుగు చక్రములుండును,” అంటిని. సంఘము నవ్వినది. స్త్రీల వైపున కూర్చున్న ఆయన భార్య తల వంచుకొనెను. అది నేను చూచితిని. చూచియు ప్రసంగము సాగించితిని.

మరుసటి ఆదివారము ఆయన ఎప్పటివలెనే వచ్చి, తన స్థలములో కూర్చుండి, వాక్యపఠనము చేసెను. నాతో ఏమియు అనలేదు. నా మాట తగులవలసిన చోట తగిలినదని నేను సంతోషించితిని.

4. జ్ఞాపకపు రాళ్లును ఇత్తడి సర్పమును

పాత వస్తువును ప్రేమించుట పాపమా? లేఖనములు దీనికి రెండు సాక్ష్యములు చూపుచున్నవి. యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు, నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలువబెట్టిరి. పిల్లలు ఈ రాళ్లేమని అడిగినపుడు పెద్దలు దేవుని కార్యమును వివరించుటకే అవి. అనగా వస్తువు జ్ఞాపకమునకు వాకిలి కావచ్చును. మన మెదకు దేవాలయమును చూడుడి. కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించి, కూలియు ధాన్యమునిచ్చి కట్టించిన కట్టడము; 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. మన పిల్లలు ఈ గోపురమేమని అడిగినపుడు, ఇది ఆకలి తీర్చిన రాయి అని చెప్పగలము.

రెండవ సాక్ష్యము ఇత్తడి సర్పము. సంఖ్యాకాండము ఇరువది యొకటవ అధ్యాయములో మోషే దానిని దేవుని ఆజ్ఞ చొప్పుననే చేసెను. దానివైపు చూచినవారు బ్రదికిరి. అయితే 2 రాజులు 18:4లో చూచినయెడల, కొన్ని వందల సంవత్సరముల తరువాత ప్రజలు దానికి ధూపము వేయుచుండిరి. హిజ్కియా దానిని పగులగొట్టెను. రక్షణకు జ్ఞాపకముగా ఉండినదే దేవుని స్థలము ఆక్రమించుకొనెను.

కాబట్టి పాత వస్తువు రాయి కాగలదు, సర్పము కాగలదు. భేదము ఎట్లు తెలియును? ఆ వస్తువు తనకు అవతలనున్న దేవుని కార్యమునకును, మనుష్యునికిని మనలను నడిపించినయెడల అది రాయి. మనలను తన యొద్దనే ఆపుకొనినయెడల అది సర్పము. నేను ఆ పెద్దాయన కారును సర్పమని తీర్పు తీర్చితిని. అడుగకయే తీర్చితిని.

5. వేపచెట్టు క్రింద

2021 ఆగస్టులో పెద్దాయనకు పక్షవాతము వచ్చెను. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవి, మాట పోయినది. సంఘమంతయు ప్రార్థించినది. మొదటి వారములో అందరము వెళ్లితిమి, పండ్లు తీసికొనిపోతిమి. రెండవ నెలలో కొందరు వెళ్లిరి. నా డైరీ చూచుకొనగా మొదటి ఆరు నెలలలో నేను వెళ్లినది ఏడుసార్లు. ఆయన యిల్లు దేవాలయమునకు అర మైలు దూరము.

ఆయనకు వారమునకు రెండుసార్లు ఈసీఐఎల్‌లో వ్యాయామ చికిత్స చేయించవలెను. కుమారుడు చర్లపల్లి కర్మాగారములో షిఫ్టు పని చేయువాడు. పనికి పోకున్న కూలి లేదు. ఆటోకు డబ్బు చాలదు. అప్పుడు ఆ పాత కార్ల స్నేహితులు వంతులు వేసికొనిరి. ఒక దినము మెకానిక్కు, ఒక దినము రైల్వే ఆయన, ఒక దినము కంప్యూటరు యువకుడు, తక్కినవారు కూడ తమ తమ వంతున. పాతబస్తీనుండి కీసరకు, కీసరనుండి ఈసీఐఎల్‌కు, మరల కీసరకు, అక్కడనుండి ఇంటికి. ఇట్లు నెలల తరబడి చేసిరి.

రెండవ శనివారములందు వారు వచ్చి, ఆయనను కుర్చీలో వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి, కారును స్టార్టు చేయుచుండిరి. నిలిపిన బండి నడిపిన బండికంటె త్వరగా చెడునట. బ్యాటరీ దిగిపోవును, పెట్రోలు జిగురగును, రబ్బరు ఎండి చీలును, లోపల చేరిన చెమ్మ ఇనుమును తినును. “తుప్పు ఎందుకు పడుతది అయ్యగారూ అంటే, ఎవ్వరు ముట్టుకోకపోవుట్ల పడుతది,” అని ఆ మెకానిక్కు నాతో ఒకసారి అనెను. ఒక శనివారము నేనచట నుంటిని. తాళపుచెవి త్రిప్పగానే పంపు టిక్కు టిక్కుమని కొట్టుకొన్నది. పెద్దాయన మొగము వెలిగినది. ఎడమచేతి వ్రేలితో కుర్చీమీద అదే తాళము వేసెను. ఆరు నెలలలో నా ప్రార్థన వలన ఆ మొగములో అట్టి వెలుగు నేను చూడలేదు. ఇది వ్రాయుటకు సిగ్గుగా నున్నది గాని సత్యము.

6. కారు పోయిన తరువాత

2022లో ఆసుపత్రి అప్పులు తీర్చుటకు కారు అమ్మవలసి వచ్చెను. ఒక దళారి వచ్చి, తుక్కు ఇనుము వెల కట్టి, వెంటనే నగదు ఇచ్చెదననెను. అవసరములోనున్న కుమారుడు ఒప్పుకొనబోయెను. ఆ మెకానిక్కు సంగతి విని, పని విడిచి పరుగున వచ్చి, “బేటా, ఇది తుక్కు గాదు. పది రోజులు ఆగు,” అని చెప్పెను. బెంగళూరులో ఆ జాతి కారును ప్రేమించువానిని వెదకి, దళారి చెప్పిన వెలకు ఎన్నో రెట్లు ఇప్పించెను. తనకు రావలసిన పాత మరమ్మతు బాకీ తీసికొనలేదు. మధ్యవర్తి సొమ్ము అసలే తీసికొనలేదు. చవుకగా తానే కొని లాభమునకు అమ్ముకొనవచ్చునని అతనికి తెలియదా? తెలియును.

కారు లారీమీద ఎక్కి వెళ్లిపోయినది. వేపచెట్టు క్రింద నూనె మరక మిగిలినది. నేను లోలోపల ఏమనుకొంటినో మీకు చెప్పెదను: ఇక వీరెవరును రారు, నా ప్రసంగము నిజమగును, అని అనుకొంటిని.

నిజమే, ఐదుగురు క్రమముగా రాకపోయిరి. వారిని నేను నిందింపను. కష్టకాలములో వారును తమ వంతు మోసిరి. తక్కిన ముగ్గురు మాత్రము మానలేదు. రెండవ శనివారము వచ్చి, ఆ నూనె మరక ఉన్నచోటనే కుర్చీలు వేసికొని కూర్చుండిరి. ఎత్తుటకు బానెట్టు లేదు. పెద్దాయన నోట మాటలు రెండు మూడు మాత్రమే వచ్చుచుండెను. ఆయనకు గడ్డము గీయుదురు, చాయ త్రాగుదురు, డాక్టరమ్మ నాటి వాగు కథలు ఆయనకే తిరిగి చెప్పుదురు. ఆ కథలు వారు ఆయన నోటనే వినియుండిరి. ఇప్పుడు ఆయన చెప్పలేడు గనుక వారు చెప్పుచుండిరి. ఒకని జ్ఞాపకమును అతని స్నేహితులు అతనికొరకు మోయుట నేనక్కడ చూచితిని.

7. యోనాతాను విల్లు ఏమైనది?

అరిస్టాటిల్ అను గ్రీకు జ్ఞాని స్నేహమును మూడు విధములుగా విభజించెను: లాభమును బట్టి కలుగునది, సంతోషమును బట్టి కలుగునది, ఎదుటివాని మేలునే కోరునది. మొదటి రెండును, వాటి కారణము పోగానే పోవునని ఆయన తలంపు. సెమినరీలో ఇది చదివినపుడు, నేను మనుష్యులను మూడు గంపలలో వేసి చూచుట నేర్చుకొంటిని. పాత కార్లవారిని రెండవ గంపలో వేసితిని. అయితే ఒక గంపలో మొదలైనది మరియొక గంపలోనికి పెరుగవచ్చునని నేను ఆలోచింపలేదు.

లేఖనములు ఆ పెరుగుదలను చూపుచున్నవి. అపొస్తలుల కార్యములు 18:3లో పౌలు అకుల ప్రిస్కిల్లల యింట బసచేయుటకు కారణమేమి? వారి వృత్తియు అతని వృత్తియు ఒకటే, డేరాలు కుట్టుట. ఒక గుడారపు గుడ్డ వారిని కలిపినది. అయితే రోమా 16:3–4లో, వారు అతని ప్రాణముకొరకు తమ మెడలనే అపాయమునకు ఒడ్డినట్లు పౌలు వ్రాయుచున్నాడు. సూదిదారముతో మొదలైన స్నేహము ప్రాణమిచ్చువరకు పోయినది. పేతురును జెబెదయి కుమారులును ముందు దోనెలలోను వలలలోను పాలివారు. కాబట్టి స్నేహము వస్తువుతో మొదలగుట దోషము కాదు. వస్తువుతోనే ముగియుట దాని కొరత.

ఇప్పుడు యోనాతానును చూడుడి. అతడు దావీదుతో నిబంధన చేసికొని తన దుప్పటిని, ఖడ్గమును, విల్లును, నడికట్టును అతనికిచ్చెను. ఎంతో ప్రియమైన వస్తువులు! రాజకుమారుని విల్లు! అయితే తరువాత ఆ విల్లు ఏమైనదో లేఖనము చెప్పదు. దావీదు దానిని తన నగరులో వ్రేలాడదీసి, వచ్చినవారికి చూపినట్లు వ్రాయబడలేదు. వ్రాయబడినది మరియొకటి. 2 సమూయేలు తొమ్మిదవ అధ్యాయములో, రాజైన దావీదు, యోనాతాను నిమిత్తము ఉపకారము చేయుటకు సౌలు యింటివాడెవడైన మిగిలియున్నాడా అని విచారించెను. రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు దొరికెను. దావీదు అతని పొలమును తిరిగి యిచ్చి, నిత్యము తన బల్లయొద్ద భోజనము చేయునట్లు కూర్చుండబెట్టెను. స్నేహితుని విల్లును దాచుకొనుట జ్ఞాపకము. స్నేహితుని కుంటి కుమారుని బల్లయొద్ద కూర్చుండబెట్టుట నమ్మకత్వము. మొదటిది తుప్పు పట్టును, రెండవది పట్టదు.

8. మనకు వచ్చిన ప్రశ్న

నేను పెద్దాయన యొద్దకు వెళ్లి క్షమాపణ అడిగితిని. అది 2023 మొదట. అప్పటికి కొంచెము మాట తిరిగి వచ్చియుండెను. “తాతా, ఆ ఆదివారము నేనన్న మాట తప్పు,” అంటిని. ఆయన చాలసేపు ఊరకుండి, ఒక్కొక్క మాట కూడదీసికొని యిట్లనెను: “మీ మాట తప్పు గాదు, అయ్యగారూ. ఆదివారం ఆదివారమే. నేను బల్ల విడవద్దుండె. కాని… ఆడ ఎవరుంటరని మీరు ఒక్కసారన్న అడగకపోతిరి.”

ప్రియులారా, ఈ జవాబును నేను అనేకసార్లు తలంచుకొంటిని. ఆయన నన్ను సమర్థించెను, గద్దించెను. రెండును ఒకేసారి చేసెను. ప్రభువు దినమును విడుచుట తగదు. ఈ వ్యాసము చదివి ఎవరును ఆరాధన మానుటకు ఆధారము తీసికొనకూడదు. అయితే కాపరి పని తప్పిపోయినదానిని లెక్కించుటతో ముగియదు. అది ఎక్కడికి పోయెను, అచ్చట దానికి మేత దొరికెనా అని అడుగవలెను. నేను అడుగలేదు. అడిగియుండిన, ఆ రైల్వే సహోదరుని, ఆ మెకానిక్కును మూడేండ్ల ముందే ఎరిగియుందును.

మరియొక ప్రశ్న మనలనందరిని తాకుచున్నది. పాత కార్లవారిని కలిపినది కారైతే, మనలను కలిపినదేమి? క్రీస్తు అని నోటితో చెప్పుదుము. ఆయనయే అగునుగాక! అయితే మన కూడిక గంట మ్రోగగా మొదలై, ఆశీర్వాదముతో ముగిసి, మరల ఆదివారము వరకు ఒకరి గుమ్మము ఒకరు తొక్కకుండునట్లయితే, మనలను కలిపినది గంటయు, గోడలును, అలవాటునేమో పరీక్షించుకొందము. మంచము పట్టి దేవాలయమునకు రాలేని దినమున, మన కారు కూడ అమ్ముడుపోయినట్లే గదా? అప్పుడు వేపచెట్టు క్రింద కుర్చీ వేసికొని కూర్చుండువారు ఎందరు? యోహాను పదునైదవ అధ్యాయములో ప్రభువు తన శిష్యులను దాసులని గాక స్నేహితులని పిలిచెను. వారు ఆయనకు ఏమియు తిరిగి యియ్యలేని రాత్రి అది. మరి కొంతసేపటికి వారందరు పారిపోవువారే. అట్టి స్నేహము పొందిన మనము లెక్కపెట్టి ప్రేమించుట తగునా?

అందువలన మన సంఘములో ఒక చిన్న ఏర్పాటు చేసితిమి. మంచము పట్టినవారి పేర్లు వ్రాసి, ఒక్కొక్కరికి ముగ్గురిని నియమించితిమి. పండ్లు తీసికొనిపోవుట ముఖ్యము కాదని చెప్పితిమి. గడ్డము గీయుటకు, నీళ్లు కాచుటకు, ఆసుపత్రికి తోడు పోవుటకు, పాత సంగతులు విప్పి చెప్పుకొనుటకు పోవుడని చెప్పితిమి. ఈ క్రమమును మాకు నేర్పినవారు మన సంఘస్థులు కారు. మంచి సమరయుని ఉపమానము చెప్పిన ప్రభువు ఇందుకు ఆశ్చర్యపడడు.

9. హ్యాండిల్

2023 నవంబరులో పెద్దాయన ప్రభువునందు నిద్రించెను. సమాధి యొద్ద ఆ ముగ్గురు స్నేహితులు మన వరుసలోనే నిలిచి, మూడు పిడికిళ్ల మన్ను వేసిరి. మెకానిక్కు చేతులకు అంటిన మన్ను దులుపుకొనక అట్లే నిలువబడియుండెను.

ఆ యింటిలో ఇప్పుడు కారు లేదు. అయితే దానిని చేతితో త్రిప్పుచుండిన ఇనుప హ్యాండిల్ తలుపు మూల నున్నది. కొన్నవాడు బెంగళూరునుండి మెకానిక్కు చేతికి దానిని తిరిగి పంపెనట. తనకు మరియొకటి దొరికినదట. దానికి కొంచెము తుప్పు పట్టినది. మనుమడు ఐదేండ్లవాడు. మొన్న నేను వెళ్లినపుడు వాడు దానిని ఈడ్చుకొని వచ్చి, “నానమ్మా, ఇదేంది?” అని అడుగుచుండెను. ఆమె వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ముందుగా కారు సంగతి చెప్పలేదు. “మీ తాతకు ముగ్గురు దోస్తులుండిరి బిడ్డా,” అని మొదలుపెట్టెను.

గృహములలో ధ్యానించుటకు: మన యింట దాచుకొనిన పాత వస్తువేది? అది ఏ మనిషిని మనకు జ్ఞాపకము చేయుచున్నది? ఆ మనిషి ఇంటివారిలో ఈ వారము మనము చూడవలసినవారు ఎవరు?

ప్రార్థన: మమ్మును స్నేహితులని పిలిచిన ప్రభువా, మేము దాచుకొనిన వస్తువులకంటె మేము మరచిన మనుష్యులను మాకు జ్ఞాపకము చేయుము. తొందరపడి తీర్పు తీర్చిన మా నోటిని క్షమించుము. మంచము పట్టినవారి గుమ్మమునకు మా పాదములను నడిపించుము. ఆమేన్.